గిట్టల జంతువును కాలి నుంచి మొదలుపెట్టి గుర్తించడం: వరుస తప్పని పద్ధతి

"అయ్యవారూ, ఇది మేకా, గొర్రా?" అంటూ ఫోనుకు ఫోటోలు పంపేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫోటోలో ఉండేది చాలాసార్లు నెల్లూరు గొర్రే. దాని తర్వాత వచ్చే ప్రశ్నలూ నాకు కంఠతా వచ్చేశాయి. కృష్ణజింక, దుప్పి ఒకే కుటుంబమా? మనుబోతు గుర్రం వైపా, ఆవు వైపా? గాడిద ఎందుకు నెమరు వేయదు?

విడివిడిగా జవాబులు చెప్పి అలసిపోయాను. కనిగిరి, పొదిలి వైపు బడుల్లో జీవశాస్త్రం చెప్పినన్నాళ్ళూ పిల్లల చేత చేయించిన పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ముందు కాలు, తర్వాత నోరు, ఆ తర్వాత తల. రంగు, ఎత్తు, ఊళ్ళో పిలిచే పేరు అన్నిటికంటే చివర. ఈ వరుస తిరగబడినప్పుడే తప్పులు వస్తాయి. ఎందుకంటే అందరి కళ్ళూ ముందు కొమ్ముల మీద పడతాయి, ఎక్కువగా మోసం చేసేవీ అవే.

1. బయలుదేరే ముందు

అడవికి వెళ్ళనక్కరలేదు. వారపు సంత, చెరువు గట్టు, మాంసం కొట్టు, పొలం గట్టున మేపుకొనే మంద చాలు. అడవి జంతువుల దగ్గరికి పోవడం చివరి మెట్టు. ముందు ఇంటి పశువులతో చేయి తిరగాలి.

వెంట ఉండవలసినవి:

• గీతల పుస్తకం, పెన్సిలు. పెన్ను తడిస్తే రాత చెరుగుతుంది.
• అరడుగు స్కేలు. అడుగుజాడ పక్కన పెట్టి ఫోటో తీయడానికి.
• దర్జీలు వాడే కొలత టేపు.
• చిన్న టార్చిలైటు. నోట్లో పళ్ళు చూడటానికి.
• సబ్బు, నీళ్ళ సీసా.

పశువును ముట్టుకొనే ముందు కాపరిని అడగండి. నోటి నుంచి చొంగ కారుతున్నా, కుంటుతున్నా ఆ పశువు జోలికి పోవద్దు. అది గాలికుంటు కావచ్చు. మీ చెప్పులకు, చేతులకు అంటుకొని పక్క మందకు పాకుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గాలికుంటు ఆవుకు, గేదెకు, గొర్రెకు, మేకకు, పందికి, దుప్పికి వస్తుంది. గుర్రానికీ గాడిదకూ రాదు. గిట్ట చీలిన జంతువుల జబ్బు అది. మనం కాలు చూసి తేల్చబోయే తేడాను ఆ వైరస్ ఎప్పుడో కనిపెట్టింది.

2. అది నిజంగా గిట్టేనా?

గిట్ట అంటే వేలి చివరను చుట్టూ కమ్మిన గట్టి తొడుగు. జంతువు బరువంతా దాని మీదే నిలుస్తుంది. మన గోరు వేలికి పైపక్కనే ఉంటుంది, బరువు మోయదు. ఈ రెండు మాటలు గుర్తుంటే రెండు అనుమానాలు తీరతాయి.

ఏనుగు: దానికి ఉన్నవి గోళ్ళు. బరువు అరికాలి మెత్తటి దిండు మీద పడుతుంది. దాని క్రమమే (కొన్ని కుటుంబాలను కలిపిన పెద్ద గుంపు) వేరు, ఈ లెక్కలోకి రాదు.

ఒంటె: తిరునాళ్ళలో సవారీకి తెచ్చినప్పుడు దాని పాదం గమనించండి. ముందు రెండు గోళ్ళు, కింద వెడల్పాటి మెత్త. నడిచేది మెత్త మీదే. అయినా ఇది సరి వేళ్ళ గుంపులోనిదే. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

3. వేళ్ళు లెక్కపెట్టకండి, బరువు ఎక్కడ పడుతోందో చూడండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే మిగతావి ఎంత బాగా చేసినా లాభం లేదు.

గిట్టల జంతువులు రెండు పెద్ద క్రమాలు. ఒకటి బేసి వేళ్ళవి, రెండోది సరి వేళ్ళవి. పేర్లు చూసి వేళ్ళు లెక్కపెడితే చాలనుకుంటారు. టాపిర్ అనే జంతువుకు ముందుకాలికి నాలుగు వేళ్ళు, వెనుకకాలికి మూడు. అయినా అది బేసి వేళ్ళ క్రమంలోనే ఉంది. కాలి మధ్యగీత, అంటే బరువు దిగే గీత, ఎక్కడి నుంచి పోతుందన్నదే అసలు ప్రశ్న. బొటనవేలు ఒకటిగా లెక్కపెడితే, మూడో వేలి గుండా పోతే బేసి. మూడు, నాలుగు వేళ్ళ నడుమ నుంచి పోతే సరి.

మీ చేతితోనే చేసి చూడండి:

• అరచేతిని బల్ల మీద ఆనించి, వేళ్ళ కొసలు కదలకుండా మణికట్టును మెల్లగా పైకెత్తండి.
• మొదట బొటనవేలు గాలిలోకి లేస్తుంది. గిట్టల జంతువుల్లో దాదాపు అన్నిటికీ ఆ వేలు పోయింది.
• ఇంకా ఎత్తితే చూపుడువేలు, చిటికెనవేలు లేస్తాయి. మధ్యవేలు, ఉంగరపువేలు మాత్రం ఆనుకొని ఉన్నాయా? అదే ఆవు కాలు. గాలిలో వేలాడే ఆ రెండు వేళ్ళే ఆవు గిట్ట వెనుక పైన కనిపించే రెండు చిన్న గిట్టలు.
• మధ్యవేలు ఒక్కదాని మీద నిలబెట్టండి. అది గుర్రం కాలు, గాడిద కాలు.

గుర్రం ముందుకాలి "మోకాలు" అని మనం చూపించేది దాని మణికట్టు. ఈ సంగతి చెప్పగానే తరగతిలో ఒకడైనా బల్ల మీద వేళ్ళతో దౌడు తీయించకుండా ఉండడు. తీయించనివ్వండి, జన్మలో మరచిపోడు.

కాలు ఎత్తి చూసే వీలు లేకపోతే నాడాలు చూడండి. బండి ఎద్దుకు ఒక్కో కాలికి రెండు ముక్కల నాడా కొడతారు, చీలిన రెండు గిట్టలకూ చెరొకటి. గుర్రపు నాడా ఒకటే ముక్క.

ఈ మెట్టు చివర మీ పుస్తకంలో ఒక్క మాట రాయాలి. "బేసి" లేదా "సరి". మన జిల్లాల్లో బేసి అని తేలితే పని దాదాపు అయిపోయినట్టే. అది గుర్రమో, గాడిదో, రెండింటికీ పుట్టిన కంచరగాడిదో. బేసి క్రమంలో ప్రపంచం మొత్తంలో మిగిలిన కుటుంబాలు మూడే: గుర్రాలు, ఖడ్గమృగాలు, టాపిర్లు. చివరి రెండూ మన వైపు లేవు.

4. ఎముకతో సరిచూసుకోవడం

శాకాహారులు ఈ మెట్టు దాటవచ్చు. మిగిలినవాళ్ళకు దీనికంటే రుచికరమైన పాఠం లేదు.

కాళ్ళ పులుసు తిన్న తర్వాత పొడుగాటి ఎముకను పారేయకుండా కడిగి ఆరబెట్టండి. ముందువైపు నిలువుగా సన్నని గాడి కనిపిస్తుంది. కింది కొసన ఎముక రెండుగా చీలి, రెండు కప్పీల్లాంటి గుండ్రటి చివరలు ఉంటాయి. మూడో వేలి ఎముక, నాలుగో వేలి ఎముక కలిసి ఒకటైపోయిన గుర్తు ఆ గాడి. అవి మళ్ళీ విడిపోయేది కింది కొసన, ఒక్కో గిట్టకు ఒక్కో కప్పీ.

గుర్రం ఎముకైతే కింది కొస ఒకటే. దాని వెనుక ఇరువైపులా సూదుల్లాంటి రెండు సన్నని ఎముకలు అతుక్కొని ఉంటాయి. అవి పోయిన రెండు వేళ్ళ తాలూకు మిగులు.

పంది కాలిలో ఈ రెండు ఎముకలూ కలవవు, విడివిడిగానే ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొంచెం ఓపిక ఉంటే మాంసం కొట్టతన్ని వెనుకకాలి చీలమండ కీలు కోయకుండా ఇమ్మనండి. లోపల పాచికలా ఇమిడే చిన్న ఎముక ఒకటి ఉంటుంది. సరి వేళ్ళ జంతువుల్లో దానికి పైనా కిందా రెండు వైపులా కప్పీ ఆకారమే. గుర్రం జాతిలో పైన మాత్రమే. వేరే ఏ గుర్తూ దొరకనప్పుడు, మట్టిలో ఈ ఒక్క ఎముక దొరికినా క్రమం చెప్పేయవచ్చు.

కొత్త పుస్తకాల్లో తిమింగలాలను సరి వేళ్ళ జంతువులతో కలిపి రాయడానికి ఒక కారణం కూడా ఈ ఎముకే. కాళ్ళున్న పురాతన తిమింగలాల శిలాజాల్లో ఇదే రెండు కప్పీల ఎముక బయటపడిందని 2001లో ప్రకటించారు. 2007లో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువు చెవి ఎముక తిమింగలాల చెవితో సరిపోయిందని తేలింది. ఆ జంతువు ఉన్న కాశ్మీరు రాళ్ళను ఏరి తెచ్చింది ఎ. రంగారావు అనే మన దేశపు భూగర్భ శాస్త్రవేత్త. పిల్లలు "తిమింగలానికి గిట్టలేవి సార్" అని అడిగితే జవాబు ఇది: దానికి గిట్టలు లేవు, దాని పూర్వీకులకు ఆ చీలమండ ఉంది.

5. నోరు తెరవండి

"సరి" అని తేలినవాటికే ఈ మెట్టు. చూడవలసింది ఒక్కటే. పైదవడ ముందుభాగంలో పళ్ళు ఉన్నాయా, లేవా?

• పైన ముందుపళ్ళు లేవు, వాటి స్థానంలో గట్టి చిగురు దిండు ఉంది, కింద ఎనిమిది పళ్ళు: నెమరువేసే గుంపు. ఆవు, గేదె, గొర్రె, మేక, జింక, దుప్పి.
• పైనా కిందా ముందుపళ్ళు ఉన్నాయి, పక్కన కోరలు కూడా ఉన్నాయి: పంది. దీనికి మొత్తం 44 పళ్ళు.
• పెరిగిన జంతువుకు పైన ముందుపళ్ళు ఒక్క జతే మిగిలి, కోరలున్నాయి: ఒంటె.

బేసి అని తేలిన జంతువును కూడా నోటితో సరిచూసుకోవచ్చు. గుర్రానికీ గాడిదకూ పైన ఆరు, కింద ఆరు ముందుపళ్ళు.

ఇక్కడ మన జిల్లాలవాళ్ళే చేసే పొరపాటు ఒకటి ఉంది. పళ్ళు అనగానే వయసు గుర్తొస్తుంది. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని గిత్తలను విడదీస్తారు కదా. ఆ లెక్క పాలపళ్ళు ఊడి కొత్తగా వచ్చిన పెద్ద పళ్ళది. "దీనికి రెండే పళ్ళు, మరి ఎనిమిది అన్నారేమి" అని ఒక పిల్లవాడు నన్ను నిలదీశాడు. వాళ్ళ నాన్న గిత్తల పోషకుడు. పాలపళ్ళతో కలిపి లెక్కపెడితే ఎనిమిదీ ఉంటాయి. వయసుకు చూసేది ఎన్ని మారాయని. వర్గీకరణకు చూసేది పైన ఉన్నాయా లేవా అని మాత్రమే.

6. నెమరు

త్వరగా దాటవచ్చు. నెమరు వేసే జంతువుకు పొట్ట గదులుగా ఉంటుంది. ఆవు, గొర్రె, దుప్పి వంటివాటికి నాలుగు. ఒంటె నెమరు వేస్తుంది కానీ మూడు గదులే. మూషికజింక అనే చిన్న అడవి జంతువుకు ఒక గది ఎదిగీ ఎదగనట్టు ఉంటుంది. గుర్రం, గాడిద ఆ పనిని పేగుల చివరి భాగంలో చేసుకుంటాయి, అందుకే నెమరు అక్కరలేదు. పంది మనలాగే ఒకే పొట్టతో బతుకుతుంది.

పేడలోనూ ఈ తేడా తెలుస్తుంది. గాడిద లద్దె విరిస్తే గడ్డిపోచలు పోచలుగానే కనిపిస్తాయి. ఆవు పేడలో అంత పెద్ద పోచలు ఉండవు.

7. ఇప్పుడు తల చూడండి

నెమరువేసే గుంపు అని తేలాక మాత్రమే కొమ్ముల దగ్గరికి రండి. మన చిక్కు ఏమిటంటే, తెలుగులో వాడుకలో ఉన్న మాట ఒకటే: కొమ్ము. ఆవుదీ కొమ్మే, దుప్పిదీ కొమ్మే. నిజానికి అవి పూర్తిగా వేరు వస్తువులు. నేను తరగతిలో దుప్పిదాన్ని "కొమ్మల కొమ్ము" అనేవాణ్ణి. మీకు ఇంకా మంచి మాట దొరికితే వాడుకోండి.

తొడుగు కొమ్ము:
• లోపల ఎముక, పైన గోరులాంటి పదార్థపు తొడుగు.
• కొమ్మలు వేయదు. వంగవచ్చు, మెలి తిరగవచ్చు.
• ఊడిపోదు, జీవితాంతం పెరుగుతుంది.
• చాలా జాతుల్లో ఆడదానికీ ఉంటుంది.
• కుటుంబం: ఆవుల కుటుంబం, అంటే బోవిడే.

కొమ్మల కొమ్ము:
• మొత్తం ఎముకే. పెరిగేటప్పుడు పైన మెత్తటి నూగు చర్మం ఉంటుంది, ఎదిగాక అది రాలిపోతుంది.
• కొమ్మలు వేస్తుంది.
• ఊడి మళ్ళీ మొలుస్తుంది.
• మగదానికే. ప్రపంచంలో రెయిన్‌డీర్ ఒక్కటే దీనికి మినహాయింపు.
• కుటుంబం: దుప్పుల కుటుంబం, అంటే సెర్విడే.

కొమ్ములే లేకపోతే? "కొమ్ములు లేవు" అన్నది జవాబు కాదు. నెల్లూరు గొర్రెల్లో పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడగొర్రెకు ఉండవు. ఆడ కృష్ణజింకకు మామూలుగా ఉండవు. ఆడ దుప్పికి ఉండవు. మందలో మగదాన్ని వెతకండి. ఒక్క జంతువునే చూసి తీర్పు ఇవ్వకండి.

ఆడదానికీ మగదానికీ కొమ్ములు లేకుండా, మగదానికి పైదవడ నుంచి చిన్న కోరలు దిగి, కుందేలుకంటే కొంచెమే పెద్దదిగా ఉందా? అది మూషికజింక. నల్లమలలో ఉంటుంది. పేరులో జింక ఉన్నా కుటుంబం వేరు, ట్రాగులిడే. పగటిపూట ఎదురుపడటం అరుదు.

8. పేర్లు తవ్విన గుంటలు

ఊరి పేర్లు అందమైనవే, వర్గీకరణకు మాత్రం పనికిరావు. రోజూ జనం కాలు జారే చోట్లు ఇవి.

కృష్ణజింక: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మగదాని కొమ్ములు మెలితిరిగి, ఉంగరాలు పేర్చినట్టు ఉంటాయి, కానీ కొమ్మలు వేయవు, ఊడవు. అంటే ఇది ఆవుల కుటుంబం. దుప్పికి చుట్టం కాదు. దీన్ని చూసి "దుప్పి" అనడం, దుప్పిని చూసి "జింక" అనడం మన దగ్గర సర్వసాధారణం.

దుప్పి, కణితి: చుక్కలున్నది దుప్పి, చుక్కలు లేకుండా పెద్దగా, గోధుమరంగు మీద నల్లబారినట్టుండేది కణితి. రెండింటికీ కొమ్మల కొమ్ములే, ఎదిగిన మగదానికి ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు మొనలు. రెండూ దుప్పుల కుటుంబమే.

మనుబోతు: వెనుక నుంచి చూస్తే గుర్రమే అనిపిస్తుంది. మెడ మీద జూలు, వాలిన నడుము. కాలు చూడండి, గిట్ట చీలి ఉంది. నోరు చూస్తే పైపళ్ళు లేవు. మగదానికి పొట్టి తొడుగు కొమ్ములు. ఆవుల కుటుంబం, అందులోనూ ఆవుల ఉపకుటుంబమే.

కొండగొర్రె: నాకు అన్నిటికంటే ఇష్టమైన గుంట ఇది. మగదానికి నాలుగు కొమ్ములు, ముందు జత పొట్టివి, వెనుక జత వాటికంటే పొడుగు. కొన్నిటిలో ముందు జత ఉత్త బొడిపెల్లా ఉండి కనిపించదు. పేరులో గొర్రె ఉన్నా దీని దగ్గరి చుట్టం గొర్రె కాదు, మనుబోతు. ఆ చిన్న గుంపులో ఈరోజు బతికి ఉన్నవి ఈ రెండే. గొర్రెకంటే ఆవుకే దగ్గర.

కుక్కగొర్రె: కుక్కలా మొరుగుతుంది కాబట్టి ఆ పేరు. కొన్ని ఊళ్ళలో దీన్నీ కొండగొర్రె అనేస్తారు. కానీ దీనికి కొమ్మల కొమ్ములు, పొడుగాటి కుదుళ్ళ మీద మొలుస్తాయి. దుప్పుల కుటుంబం. అంటే ఒకే పేరుతో పిలిచే రెండు జంతువులు రెండు వేర్వేరు కుటుంబాలవి. "కొండగొర్రెను చూశాను" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, "కొమ్ములు ఎన్ని, కొమ్మలు వేశాయా" అని.

ఇక "జాతి" అనే మాట. ఒంగోలు జాతి, నెల్లూరు జాతి అంటాం. శాస్త్రం పుస్తకంలో జాతి అంటే వేరు. ఒంగోలు ఆవు, పుంగనూరు ఆవు శాస్త్రం లెక్కలో ఒకే జాతి, బాస్ ఇండికస్. ఒంగోలు, పుంగనూరు అన్నవి మనుషులు ఏరి పెంచుకొన్న రకాలు. ఒంగోలు పశువులే బ్రెజిల్ చేరి "నెలోర్" అని పేరు తెచ్చుకొన్నాయి. రకం పేరు మారింది గానీ జాతి మారలేదు. పుస్తకంలో "రకం" అని ఒక గడి, "జాతి" అని ఇంకొక గడి గీసుకోండి, గొడవ ఉండదు.

9. నెల్లూరు గొర్రెను మేకతో కలపకుండా ఉండటం

దీనికి విడిగా చోటు ఇవ్వక తప్పదు. ఇంత తికమక పెట్టే గొర్రె దేశంలో తక్కువ. మన దేశపు గొర్రెల్లో ఇదే అన్నిటికంటే ఎత్తైనది. ఒంటి మీద ఉన్ని దాదాపు ఉండదు, పొట్టి వెంట్రుకలే. పొడుగు కాళ్ళు, పొడుగు మొహం. బయటి ఊళ్ళవాళ్ళు మేక అనుకోవడంలో వాళ్ళ తప్పు లేదు.

ముందు పనికిరాని గుర్తులు చెబుతాను.

రంగు పనికిరాదు. నెల్లూరు గొర్రెల్లోనే మూడు రకాలున్నాయి. తెల్లగా ఉండేది పల్ల. తెలుపు మీద మూతి, కళ్ళు, కింది దవడ చుట్టూ నల్లమచ్చలుండేది జొడిపి. ఒళ్ళంతా ఎర్రగోధుమ రంగులో ఉండేది డోర. మేకలు ఏ రంగులోనైనా ఉంటాయి.

మెడ కింద వేలాడే తోలు కాయలు పనికిరావు. "మేకమెడ చన్ను" అన్న పలుకుబడి చెవిలో ఉండి, అవి కనిపిస్తే మేకే అని తేల్చేస్తారు. నెల్లూరు గొర్రెల్లో చాలావాటికి అవి ఉంటాయి.

చూడవలసినవి, ఈ వరుసలో:

• తోక. గొర్రెది కిందికి వేలాడుతుంది, మేకది నిక్కి ఉంటుంది. జబ్బు చేసిన మేక తోక వాలుస్తుంది కాబట్టి ఒక్క తోకతో ఆగవద్దు.
• కంటి మూల. గొర్రెకు కంటి లోపలి మూల కింద చిన్న గుంట ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మేకకు ఉండదు.
• పైపెదవి. గొర్రెకు నడుమ లోతైన చీలిక గీత. మేకకు అంత లోతు గీత ఉండదు.
• గిట్టల సందు. గొర్రెకు నాలుగు కాళ్ళకూ గిట్టల పైన, ముందువైపు సందులో సన్నని రంధ్రం ఉంటుంది, జిడ్డు ఊరుతుంది.
• గడ్డం. ఉంటే మేక. లేకపోతే ఏమీ చెప్పలేం.
• మేత. తుమ్మచెట్టుకు ముందుకాళ్ళు ఆనించి నిలబడి ఆకు లాగేది మేక. తల దించి నేలను గొరుక్కుంటూ పోయేది గొర్రె.

మూడు గుర్తులు ఒకే మాట చెబితే రాసుకోండి. రెండు ఇటు, రెండు అటు వస్తే తొందరపడకండి, కాపరిని అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. నేను ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. "పుస్తకాలు చదివిన అయ్యవారికి గొర్రె తెలియదా" అని వాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వు మధ్యలోనే కొత్త గుర్తు ఒకటి చెబుతారు. కంటి గుంటను నాకు చూపించింది ఉదయగిరి వైపు ఒక పెద్దాయన.

ఇవి రెండూ ఒకే కుటుంబం కదా, తేడా ఎంత అని అడుగుతారు. గొర్రె క్రోమోజోములు 54, మేకవి 60. ప్రజాతులే (దగ్గరి జాతుల గుంపులే) వేరు, ఓవిస్ ఒకటి, కాప్రా ఒకటి. గుర్రం 64, గాడిద 62, అవి ఒకే ప్రజాతి. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. ఆవుకు 60, మన గేదెకు 50. ఒకే కొట్టంలో కట్టినా వాటి మధ్య సంకరం పుట్టదు.

10. అడుగుజాడ చదవడం

ఎండాకాలం చెరువు దిగినప్పుడు నీటి అంచున ఉండే తడి బురద మంచి పలక. పెన్నా, గుండ్లకమ్మ ఇసుక పొడిగా ఉంటే జాడ కూలిపోతుంది, నీటి ఒరవలో వెతకండి. పొద్దున్నే వెళ్ళండి. ఎండ నిలువుగా పడితే అంచుల నీడ పోయి ఏమీ తెలియదు.

• ఒకే ముద్ర, గుండ్రంగా, వెనుక నుంచి లోపలికి కోసుగా పొడుచుకొచ్చిన గుర్తు: గుర్రం. అదే ఇరుకుగా, చిన్నగా ఉంటే గాడిద.
• రెండు ముక్కలు, వెడల్పుగా: ఆవు లేదా గేదె. గేదెది ఇంకా పెద్దది, గుండ్రం.
• రెండు ముక్కలు, ముందుకు సన్నబడి: దుప్పి, కృష్ణజింక, గొర్రె, మేక.
• రెండు ముక్కలు, వాటి వెనుక ఇరువైపులా వెడంగా రెండు చుక్కలు: పంది. దాని వెనుక చిన్న గిట్టలు కిందికి ఉంటాయి కాబట్టి మామూలు నేల మీద కూడా పడతాయి. దుప్పికి అవి పైకి ఉంటాయి, లోతు బురదలోనో పరుగులోనో మాత్రమే పడతాయి.

ఈ చివరి తేడా రైతుకు నేరుగా పనికొస్తుంది. వేరుశనగ చేలో రాత్రి తిరిగింది అడవిపందా, దుప్పా అన్నది దీనితో తేలుతుంది. నేల ముట్టెతో దున్నినట్టుంటే అనుమానమే అక్కరలేదు.

గొర్రె జాడ, మేక జాడ విడదీయడానికి ప్రయత్నించకండి. ఇరవై ఏళ్ళలో నాకు రాలేదు. "సరి వేళ్ళు, ఆవుల కుటుంబం, చిన్నది" అని రాసి ఊరుకోండి. సగం జవాబు నిజాయితీగా రాయడం మొత్తం జవాబు ఊహించడంకంటే మేలు.

ఒక్క జాడకు కాకుండా వరుసగా నాలుగింటికి ఫోటోలు తీయండి, స్కేలు పక్కన పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి. ఒకే చోట కుప్పలుగా పెంటిక ఉంటే అదీ రాసుకోండి. మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె మళ్ళీ మళ్ళీ ఒకే చోటికి వచ్చి వేస్తాయి.

11. పుస్తకంలో రాసే తీరు

ఒక్కో జంతువుకు ఒక పుట. నాకు వచ్చే పుస్తకాల్లో పేరు మొదటి గీతలో ఉంటుంది, నేను మొదట కొట్టేసేది అదే. పేరు చివరి గీత కావాలి. పేరు ముందు రాస్తే, తర్వాత కనిపించే ప్రతి గుర్తునూ కన్ను ఆ పేరుకు సరిపెట్టేస్తుంది.

నమూనా ఒకటి:

చూసిన చోటు: పొలం అంచు, నల్లమల దిగువ.
కాలు: రెండు గిట్టలు, మధ్యగీత సందు నుంచి. సరి.
నోరు: చూడలేదు. నెమరు వేస్తుండగా చూశాను.
తల: మగదానికి రెండు పొట్టి కొమ్ములు, నున్నగా, కొమ్మలు లేవు. ఆడదానికి లేవు.
క్రమం: సరి వేళ్ళ గిట్టల జంతువులు.
కుటుంబం: బోవిడే.
ఇతర గుర్తులు: జూలు, వాలిన నడుము, మగది నీలం కలిసిన బూడిద రంగు.
ప్రజాతి, జాతి: బోసెలాఫస్ ట్రాగోకామెలస్.
మన పేరు: మనుబోతు.

"చూడలేదు" అని రాసిన గీతను పిల్లలు సిగ్గుపడి చెరిపేస్తారు. చెరపనివ్వకండి. నేను మార్కులు వేసేటప్పుడు దానికే ఎక్కువ వేసేవాణ్ణి.

12. అడవి వైపు వెళితే

• అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్ళకండి. మార్కాపురం, దోర్నాల వైపు నల్లమల నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం.
• రాలిన దుప్పి కొమ్ము దొరికితే ఇంటికి తేవద్దు. జంతువును చంపకపోయినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరమే. అక్కడే స్కేలు పెట్టి ఫోటో తీసి, అక్కడే వదిలి రండి.
• కృష్ణజింక, నాలుగు కొమ్ముల కొండగొర్రె ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. దగ్గరికి పోవడం, తరమడం, పిల్లను ఎత్తుకోవడం ఏదీ చేయకూడదు.
• గడ్డిలో ఒంటరిగా పడుకొన్న పిల్ల కనిపిస్తే తల్లి వదిలేసిందని అనుకోవద్దు. మేతకు పోయి ఉంటుంది. మీరు అక్కడ నిలబడినంతసేపూ అది తిరిగి రాదు.